ఎర్రదారంతో కుట్టిన పదిహేడో సంచిక

విజయ్ పాల్‌కి కోపం రావడం భీమవరంలో పెద్ద వార్తేమీ కాదు. ఐసు ఫ్యాక్టరీలో లెక్కలు చూసే మనిషికి రోజుకి ఒక్కసారైనా కోపం రాకపోతే ఆ ఫ్యాక్టరీ నడవదు. రొయ్యల లారీ ఆలస్యమైతే డ్రైవరు మీద, కరెంటు పోతే డిపార్టుమెంటు మీద, ఏదీ దొరక్కపోతే గాలి రాని ఫ్యాను మీద అరుస్తాడు. అరిచాక టీ తెప్పించుకుని తాగి, పక్కవాళ్ళకీ పోయించి నవ్వేస్తాడు. కానీ ఆ శనివారం మధ్యాహ్నం ఫోను చూస్తూ అతను అరవలేదు. అందుకే పక్క బల్ల దగ్గర బిల్లులు రాసుకుంటున్న పల్లంరాజుకి భయమేసింది.

"ఏంటండీ, ఇంట్లో ఎవరికన్నా బాలేదా?"

"అందరూ బానే ఉన్నారండి" అన్నాడు విజయ్ పాల్. ఫోను మాత్రం కింద పెట్టలేదు.

ఫోనులో ఉన్నది ఒక బొమ్మల పుస్తకం. పేరు 'నీలిమెరుపు'. విజయ్ పాల్ పిల్లవాడిగా ఉన్నప్పుడు రాజమండ్రి నుంచి నెలకొకటి చొప్పున వచ్చేది. ఆ కథలో నాయకుడు పగలంతా ధవళేశ్వరం కాలవ లాకుల దగ్గర గుమస్తా, ఎవరేమన్నా తల వంచుకుపోయే రకం. చీకటి పడితే నీలం ముసుగు, పసుపు కండువా వేసుకుని గోదావరి మీద ఎగురుతూ దొంగల పని పట్టేవాడు. రెండేళ్ళు వచ్చి ఆగిపోయింది. అచ్చు వేసినాయన పోయాడు, బొమ్మలు వేసినాయన ఎటు పోయాడో తెలియదు. మిగిలింది ఆ రెండేళ్ళలో చిన్నపిల్లలుగా ఉన్న వాళ్ళ జ్ఞాపకం ఒక్కటే.

అలాంటి వాళ్ళందరూ ఇప్పుడు బట్టతలలతో, షుగరు మాత్రలతో ఫేస్‌బుక్‌లో ఒక గ్రూపు పెట్టుకున్నారు. పేరు 'నీలిమెరుపు నేస్తాలు'. ఎవరి దగ్గర ఏముంటే అది ఫొటో తీసి పెట్టాలి. అమ్మకూడదు, కొనకూడదు, పంచుకోవాలి, అంతే. ఒకాయన పుస్తకంతో ఉచితంగా ఇచ్చిన స్టిక్కరు పెడితే, అమలాపురం నుంచి ఒకావిడ అదే స్టిక్కరు అంటించిన తన పాత జామెట్రీ బాక్సు పెట్టింది. విజయ్ పాల్ ఒకసారి తన దగ్గరున్న రేకు బిళ్ళ ఫొటో పెట్టాడు. చొక్కాకి పెట్టుకునేది, మెరుపు గుర్తున్న బిళ్ళ. మస్కట్‌లో క్రేను నడిపే ఒకతను అది చూసి ఏడ్చానన్నాడు. ఐసు ఫ్యాక్టరీలో ఎవరికీ పట్టని విజయ్ పాల్ ఆ గ్రూపులో 'అన్నగారు'. ఆ మాట అతనికి ఎంత బాగుండేదో చెప్పలేం.

గ్రూపులో ఎవరి దగ్గరా లేనిది పదిహేడో సంచిక. దానికి కారణం ఉంది. అందులో నీలిమెరుపు చచ్చిపోతాడు. చచ్చిపోయి మూడో రోజున లేస్తాడు. రాసినాయన ఏ ఆలోచన లేకుండానే రాసి ఉంటాడు. కానీ మా డెల్టాలో ఆదివారం ఏసుప్రభువు గుడికి వెళ్ళే ఇళ్ళు ఎన్నో ఆయనకి తెలియదు కాబోలు. ఆ నెల ఎన్ని పుస్తకాలు పొయ్యిలోకి పోయాయో లెక్కలేదు.

విజయ్ పాల్ వాళ్ళ నాన్న రాజరత్నం మాస్టారు మిషను బడిలో టీచరు, లూథరన్ సంఘంలో పెద్ద. ఆ రోజుల్లో భక్తిని రగిలించే ఉజ్జీవ కూటాలు జరుగుతున్నాయి. కూటం నుంచి వేడిగా వచ్చిన మాస్టారికి కొడుకు చేతిలో ఈ పుస్తకం కనిపించింది. తీసుకుని రెండు పేజీలు చదివారు. మూడో పేజీ చదవలేదు.

"చచ్చి మూడోనాడు లేచినవాడు ఒక్కడేరా. ఈ ముసుగు వెధవ కాదు" అని పుస్తకాన్ని రెండు చేతులా పట్టుకుని ఈడ్చారు. వీపు దగ్గర రెండు ముక్కలైంది. సరిగ్గా నీలిమెరుపు లేచే పేజీ అడ్డంగా చిరిగింది. ముక్కల్ని భార్య చేతిలో పెట్టి పొయ్యిలో వెయ్యమన్నారు.

సంపూర్ణమ్మ భర్త మాట ఏనాడూ జవదాటని మనిషి అని ఊరంతా అనుకునేది. ఆవిడ ముక్కల్ని బియ్యం డబ్బా వెనక దాచి, మర్నాడు మాస్టారు బడికి వెళ్ళాక కొడుకుని పిలిచింది. బొంత కుట్టగా మిగిలిన ఎర్రదారం, పెద్ద సూది తీసుకుని కూర్చుంది.

"గట్టిగా పట్టుకో. కదిలితే వంకర పోద్ది."

అంచు పొడుగునా పైనుంచి కింద దాకా కుట్టింది. తరవాత చిరిగిన పేజీని చిన్న చిన్న కుట్లతో కలిపింది. కుడుతూ అడిగింది: "ఇంతకీ లేస్తాడా వీడు?"

"లేస్తాడమ్మా."

"లేవనీ. వాళ్ళమ్మ ఏడుస్తోందిగా పాపం."

అదీ ఆ పుస్తకం సంగతి. విజయ్ పాల్ దాన్ని నాన్నకి కనపడకుండా పరుపు కింద దాచుకుని పెరిగాడు. ఆయన పోయేదాకా ఆయన మీద కోపంతోనే ఉన్నాడు. పోయాక కూడా పూర్తిగా తగ్గలేదు.

పదిహేడో సంచిక తన దగ్గరుందని గ్రూపులో చెప్పగానే పెద్ద పండగైపోయింది. స్కాన్ చేసి పెట్టమన్నారు. ఫోనుతో ఫొటోలు తీశాడు. కుట్టు బిగువుకి పుస్తకం బార్లా తెరుచుకోదు, ప్రతి పేజీలో లోపలి వైపు చీకటి పడింది, మాటలు సగం కనపడలేదు. అప్పుడు గ్రూపు పెద్ద సూర్యప్రకాశం గారు ఫోను చేశారు. రాజమండ్రిలో బ్యాంకు ఆఫీసరుగా చేసి రిటైరైన మనిషి, మంచి మాటకారి. "నాకు పంపండి విజయ్ పాల్ గారూ. నా దగ్గర పెద్ద స్కానరుంది. పసిపిల్లకి నీళ్ళు పోసినంత జాగ్రత్తగా చేసి పంపిస్తాను. మీరు మన గ్రూపుకే పెద్ద దిక్కు" అన్నారు. ఆ చివరి మాటకి మనవాడు ఐసు కరిగినట్టు కరిగిపోయాడు. పుస్తకాన్ని పాలిథీన్ కవర్లో చుట్టి, బిస్కెట్ల డబ్బాలో పెట్టి కొరియర్ చేశాడు.

ఇప్పుడు, ఈ శనివారం, ఆ పుస్తకం గ్రూపులో ప్రత్యక్షమైంది. రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టారు. ఎడమ వైపు ఎర్రకుట్లతో ఉన్న పాతది. కుడి వైపు తళతళా మెరిసిపోతూ, ఒక్క మచ్చ లేకుండా, నిన్ననే అచ్చయినట్టున్నది. పైన సూర్యప్రకాశం గారు ఇలా రాశారు:

"నేస్తాలకు శుభవార్త. మన పదిహేడో సంచికకు పునర్జన్మ! ఎవరో మూర్ఖులు దీన్ని బొంత కుట్టినట్టు ఎర్రదారంతో కుట్టిపారేశారు. కుట్లన్నీ కోయించి, పేజీలు విడదీసి, కంప్యూటర్లో ఒక్కో రంధ్రం పూడ్చి శుభ్రం చేసేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది."

కింద వరసగా చప్పట్లు. 'కొత్తదానిలా ఉంది సార్.' 'మీ ఓపికకి దండం సార్.' 'బొంత కుట్టు, హహహ!' 'గోనెసంచి అనుకున్నారేమో.' మస్కట్ అతను కూడా నవ్వుతున్న బొమ్మ పెట్టాడు. పుస్తకం ఎవరిదో ఒక్కరూ అడగలేదు.

విజయ్ పాల్ జవాబు రాద్దామని మొదలెట్టాడు. రాసింది చెరిపాడు. మళ్ళీ రాశాడు. ఆ కోపం ఆ చిన్న గడిలో పట్టేది కాదు.

మర్నాడు నెలలో మొదటి ఆదివారం, గుడిలో బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ప్రభురాత్రి భోజనం ఉంది. తెల్ల చొక్కా వేసుకుని బయల్దేరిన భర్త గుడి వైపు కాకుండా బస్టాండు వైపు తిరిగేసరికి కృపారాణి నోరెళ్ళబెట్టింది.

"ఏవండీ, బల్ల దగ్గరికి రారా?"

"ఇంత కోపం పెట్టుకుని బల్ల దగ్గరికి రాకూడదు. ఇది దింపుకుని వస్తాను."

"ఎవరి మీద దింపుతారు?"

"ఉన్నాడులే ఒకాయన" అని బస్సెక్కాడు.

తణుకు దాటేదాకా తిట్లు కూర్చుకున్నాడు. కొవ్వూరు వచ్చేసరికి అవి ఒక వరసకి వచ్చాయి. గోదావరి వంతెన మీద పక్కనున్న ముసలాయన నదిలోకి రూపాయి బిళ్ళ విసిరి దణ్ణం పెట్టుకుంటుంటే, విజయ్ పాల్ కిటికీలోంచి నీళ్ళ వైపు కూడా చూడలేదు.

రాజమండ్రి దానవాయిపేటలో సూర్యప్రకాశం గారిల్లు సులువుగానే దొరికింది. తలుపు ఆయనే తీశారు. మనిషిని చూసి నిజంగానే సంతోషపడ్డారు, అది మరీ ఒళ్ళు మండించింది.

"రండి రండి! చెప్పకుండా వచ్చారే! లలితా, విజయ్ పాల్ గారొచ్చారు, కాఫీ పెట్టు."

"కాఫీ వద్దండి. నా పుస్తకం ఇవ్వండి."

"ఇస్తానండి, ఎక్కడికి పోతుంది? ముందు ఇది చూడండి." అద్దాల బీరువా తెరిచి దళసరి కాగితం మీద రంగుల్లో అచ్చు వేయించిన కొత్త పుస్తకం తీశారు. "మీ కోసమే ఒక కాపీ వేయించాను. ముట్టుకోండి, ఎంత నున్నగా ఉందో."

"నా పుస్తకం అండి."

సూర్యప్రకాశం గారి మొహంలో నవ్వు కాస్త తగ్గింది. లోపలికి వెళ్ళి ప్లాస్టిక్ ఫోల్డరు తెచ్చారు. అందులో విడివిడిగా కాగితాలు. అంచులు కత్తితో కోసిన కేకు ముక్కల్లా తిన్నగా ఉన్నాయి. నీలిమెరుపు లేచే పేజీని వెనకనుంచి టేపు వేసి అంటించారు. ముందువైపు పాత కుట్ల రంధ్రాలు మాత్రం మిగిలాయి.

"కుట్టేదండీ?"

"తీయించేశానండి. మన బైండింగ్ షాపులో కటింగ్ మిషను ఉంది. వీపు కోసేస్తే గానీ పేజీలు స్కానరులోకి వెళ్ళవు కదండీ. అందరం చేసేది అదే."

"కోసిన ముక్క ఏదండీ?"

"ఏ ముక్క?"

"దారం ఉన్న ముక్కండి."

ఆయన ఒక్క క్షణం ఆలోచించారు. "చెత్తబండిలో వేసేసినట్టున్నారండి. దానితో మీకేం పని?"

గోదావరి జిల్లాల వాళ్ళకి ఇదొక శాపం. ఎదుటివాడి పళ్ళు రాలగొట్టాలనిపించినా నోట్లోంచి 'అండి' ఊడిపోదు. బస్సులో కూర్చుకున్న తిట్లన్నీ విజయ్ పాల్ నోట్లోంచి అండి తగిలించుకునే బయటికొచ్చాయి.

"మీకు బుద్ధుందాండీ? మీరు మనిషేనాండీ? పెద్ద చదువు చదివారు కదండీ, ఇంకొకళ్ళ వస్తువుని కోసేముందు ఒక్క ఫోను చెయ్యాలని ఏ బడిలోనూ చెప్పలేదాండీ మీకు?"

"విజయ్ పాల్ గారూ, కాస్త మర్యాదగా..."

"మర్యాదగానే అంటున్నానండి! మూర్ఖులని రాశారు చూడండి, ఎవరో మూర్ఖులు కుట్టారని. ఆవిడ మా అమ్మండి."

కాఫీ తెస్తున్న ఆయన భార్య లలితాంబ గారు గుమ్మంలోనే ఆగిపోయారు. సూర్యప్రకాశం గారి చెవులు ఎర్రబడ్డాయి.

"అయ్యో, నాకేం తెలుసండి? తెలిస్తే ఆ మాట రాసేవాణ్ణి కాదు. ఇదిగో, ఇప్పుడే తీసేస్తాను."

"మాట తీసేస్తారు. కుట్టు తెస్తారా?"

ఆయనా కొంచెం బిగుసుకున్నారు. ఆయన వైపునుంచి ఆయనకీ కష్టం కలిగింది మరి. "చూడండి. రోజుల తరబడి కళ్ళు పోగొట్టుకుని చేశానండి. నాకు దీంట్లో ఏం లాభం? పుస్తకం అచ్చయినప్పుడు ఎలా ఉందో అలా తేవడమే కదా మనందరి ధ్యేయం."

"అచ్చయినప్పుడు అది అందరిదీనండి. మా అమ్మ కుట్టాక అది మా ఇంటిది."

"నేనప్పుడే అన్నాను" అన్నారు లలితాంబ గారు, కప్పు బల్ల మీద పెడుతూ. "ఒక్కసారి ఆయన్ని అడిగి కోయించండి అని. కుట్టు చూస్తే తెలియడం లేదూ, ఎవరో ఇష్టంగా కుట్టారని?"

"నువ్వుండవోయ్" అన్నారాయన.

విజయ్ పాల్ కాగితాలు సర్దుకుని ఫోల్డరు చంకలో పెట్టుకున్నాడు. "మా నాన్నగారు ఈ పుస్తకాన్ని ఒకసారి చింపారండి. నలభై ఏళ్ళు ఆయన్ని తిట్టుకున్నాను. ఆయన కనీసం చింపుతున్నానని తెలిసి చింపారు. మీకు చింపినట్టే తెలియదు. చప్పట్లు కూడా కొట్టించుకున్నారు."

కొత్త కాపీ ఆయన చేతిలోనే ఉండిపోయింది. కాఫీ చల్లారిపోయింది. లలితాంబ గారు గేటు దాకా వచ్చి "క్షమించండి నాయనా" అన్నారు. ఆవిడ మీద కోపం లేదు గనక విజయ్ పాల్ తల ఊపి వచ్చేశాడు.

బస్సులో తిరిగొస్తుంటే కోపం తగ్గలేదు సరికదా, ఇంకోవైపుకి తిరిగింది. ఆ డబ్బాకి టేపు వేసిందెవరు? కొరియర్ వాడికి చిరునామా చెప్పిందెవరు? 'పెద్ద దిక్కు' అనగానే కరిగిపోయిందెవరు? ఎవడో తన వస్తువు కోశాడని రాజమండ్రి దాకా వెళ్ళి అరిచాడు గానీ, అమ్మ కుట్టుని డబ్బాలో పెట్టి వాడి చేతికిచ్చింది తనే. ఆ సంగతి తణుకులో తట్టింది. భీమవరం దాకా తగులుతూనే ఉంది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి సంపూర్ణమ్మ వరండాలో మంచం మీద కూర్చుని ఉంది. ఏడాదిగా ఆవిడకి నిన్న, ఇవాళ కలగలిసిపోతున్నాయి. ఒకపూట అన్నీ సవ్యంగా మాట్లాడుతుంది, ఒకపూట మాస్టారు ఇంకా కూటం నుంచి రాలేదేమని అడుగుతుంది. కళ్ళు కూడా బాగా మందగించాయి.

"చేతిలో ఏంటిరా అది?"

దాచేద్దామనుకున్నాడు. దాచలేదు. కాగితాలు తీసి ఆవిడ ఒళ్ళో పెట్టాడు. ఆవిడ కళ్ళతో చూడలేదు, వేళ్ళతో తడిమింది. పై పేజీ, కింద పేజీ, అంచు. అంచు దగ్గర వేళ్ళు ఆగిపోయాయి. అక్కడ ఉండాల్సిందేదో వెతికాయి.

"మళ్ళీ చింపారా మీ నాన్నగారు?"

విజయ్ పాల్ మంచం పక్కనే కింద కూర్చున్నాడు.

"లేదే" అంది ఆవిడే, తల అడ్డంగా ఊపుతూ. "ఆయన చింపరు కదా. నాకు మాటిచ్చారు."

"ఏం మాటమ్మా?"

"నీ పరుపు ఎండలో వేస్తుంటే దొరికిందాయనకి. నేను హడిలిపోయాను. అటూ ఇటూ తిప్పి చూశారు. నువ్వే కుట్టావా అన్నారు. అవునండీ అన్నాను. నీ చేతి కుట్టు మీద నేను చెయ్యి వెయ్యను సంపూర్ణం, ఉన్నచోటే పెట్టెయ్యి అన్నారు. వాడికి చెప్పకు, నేనంటే భయం పోద్ది అన్నారు." మళ్ళీ అంచు తడిమింది. "మరైతే ఎవరు కోశారురా?"

ఇన్నేళ్ళూ ఒక మనిషి మీద పోగేసుకున్న కోపం కాళ్ళ కింద మట్టిలా జారిపోయింది. నాన్నకి తెలుసు. తెలిసి ఊరుకున్నాడు. పరుపు కింద దాచానని తను మురిసిపోయినన్నాళ్ళూ ఆయనకి తెలుసు. ఇప్పుడు ఆ మనిషితో ఒక్క మాట చెబుదామంటే మనిషి లేడు. విజయ్ పాల్‌కి ఏడుపొచ్చింది, ఆ ఏడుపు మీద కూడా కోపమొచ్చింది.

"నేనేనమ్మా ఇచ్చాను. బాగు చేస్తానంటే నమ్మి ఇచ్చాను. కోసేశారు."

సంపూర్ణమ్మ కాగితాల్ని ఒళ్ళోనే సర్దుకుంది. "కృపా, ఆ దారం డబ్బా ఇటు తీసుకురామ్మా. ఎర్రది" అని కోడల్ని కేకేసింది.

"అత్తయ్యా, మీకు కనపడదు కదా..."

"సూదిలో దారం ఎక్కించడానికి వీడున్నాడుగా."

విజయ్ పాల్ దారం ఎక్కించాడు. మొదటిసారి ఎక్కలేదు, రెండోసారి ఎక్కింది. పేజీలు వరసలో పేర్చి మంచం పట్టె మీద ఆనించాడు.

"గట్టిగా పట్టుకో. కదిలితే వంకర పోద్ది."

అంచులు కోసేశారు గనక ఖాళీ చోటు మిగల్లేదు. కుట్టు మాటల మీద పడింది, బొమ్మల మీద పడింది. ఒకచోట సూది నీలిమెరుపు ముసుగులోంచే దిగింది. గ్రూపులో వాళ్ళు చూస్తే గుండె ఆగి చచ్చేవాళ్ళు. వంకరగానే పోయింది కుట్టు, ఆవిడ చెయ్యి మునుపటిలా లేదు. విజయ్ పాల్ ఎక్కడా ఆపమనలేదు.

సగం అయ్యేసరికి ఫోను మోగింది. సూర్యప్రకాశం గారి మెసేజ్. "విజయ్ పాల్ గారూ, పొద్దున మీరు ఆవేశంలో ఉన్నారు. నేనేమీ మనసులో పెట్టుకోలేదు. ఆ మాట తీసేశాను. పద్దెనిమిదో సంచిక కూడా మీ దగ్గరుందని ఒకసారి అన్నారు. వీలు చూసుకుని పంపగలరా? ఈసారి ఇంకా జాగ్రత్తగా చేస్తాను."

విజయ్ పాల్ రెండుసార్లు చదివాడు. ఒక చేత్తో పుస్తకం పట్టుకునే, రెండో చేత్తో జవాబు కొట్టాడు. "ఉందండి. పంపనండి. కావాలంటే మీరే భీమవరం రండి. మా అమ్మగారు ఇంట్లోనే ఉన్నారు. చేతిలో సూది కూడా ఉందండి."

"ఎవరికిరా ఆ కొట్టుడు?" అంది సంపూర్ణమ్మ.

"పుస్తకం కోసినాయనకమ్మా. ఇంకోటి కావాలంట."

ఆవిడ సూది ఆపింది. చూపు ఆనని కళ్ళతో వీధి గుమ్మం వైపు తిరిగింది.

"రమ్మను" అంది. "ఆ కోసిన చెయ్యేదో నేను ఒకసారి చూస్తాను."